చేప ఆగదు, నూనె ఆరదు

కొల్లేటికోటలో చేపలకు కరువు లేదు. అయినా ఆయిల్ పెయింటింగ్ నేర్చుకునేవాళ్లు తాజా శీలావతిని పళ్లెంలో పెట్టుకుని కూర్చుంటే పని కాదు. మన ఉక్కకు చేప మధ్యాహ్నానికే మెత్తబడి కంపు కొడుతుంది. రంగు తొలిపూత ఆరడానికేమో రోజులు పడుతుంది. కుళ్లని చేప కావాలంటే పాతకాలం చిత్రాన్ని చూసి వేయడమే దారి. ఫ్లెమిష్ చిత్రకారిణి క్లారా పీటర్స్ 1611లో వేసినది ఒకటి మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉంది. చేపలు, పీతలు, రొయ్యలు, కొవ్వొత్తి, ఆర్టిచోక్ మొగ్గలు. ఆ చివరిది తప్ప మిగతాదంతా కొల్లేటి వంటింట్లో సరుకే.

చూసి వేయడమంటే గీతలు దించుకోవడం అనుకుంటారు చాలామంది. దించుకోవలసింది పొరల వరుసని. ఆ వరుసను నడిపేది నూనె.

నిజానికి ఈ రంగు ఆరదు, గట్టిపడుతుంది. నీటిరంగులో నీరు ఆవిరైపోతుంది; నూనెరంగును కలిపే అవిసె నూనెలోంచి అలా ఎగిరిపోయేది లేదు. పైగా గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని మొదట్లో కాస్త బరువెక్కుతుంది. ఈ నూనెలో సుమారు సగం లినోలెనిక్ ఆమ్లం, దానిలో మూడు ద్విబంధాలు. ఆక్సిజన్ వాటి పక్కన తగులుకోగానే అణువుకూ అణువుకూ ముడులు పడి, అంతా వలలా అల్లుకుపోతుంది. కొబ్బరి నూనెలో ద్విబంధాలు బహు తక్కువ. ఏళ్లు గడిచినా జిడ్డు జిడ్డే. హార్డ్‌వేర్ షాపులో తలుపులకు అమ్మే అవిసె నూనె (లిన్‌సీడ్ ఆయిల్) కూడా వద్దు, దాంట్లో తరచు త్వరగా ఆరబెట్టే మందులు కలిపి ఉంటాయి.

ముడులు పడే వేగం రంగును బట్టి మారుతుంది. అంబర్ మట్టిలోని మాంగనీసు, సీసపు తెలుపులోని సీసం తొందర పెడతాయి. ఎముకల బొగ్గు నలుపు జాప్యం చేస్తుంది. నలుపును అడుగున దట్టంగా పూసి పైన త్వరగా ఆరే రంగు వేస్తే, పైపొర బిగిసేసరికి అడుగు ఇంకా కదులుతూనే ఉంటుంది. ఫలితం బీటలు. అందుకని అంబర్‌తో పల్చటి గోధుమ పూత ముందు. పైకి వెళ్లేకొద్దీ నూనె పాలు పెంచాలి. ముసురు పట్టిన రోజుల్లో ఇంకా ఓపిక పట్టాలి.

ఇక చేప పొట్ట. వెండి రంగు ట్యూబు కొనకండి. గోధుమ పూత ఆరాక, తెలుపులో చిటికెడు నలుపు కలిపి పల్చగా లాగండి. ఆ బూడిద రంగు నీలంగా కనబడుతుంది! నీలం ఎక్కడా కలపలేదు. పల్చటి పొరలోని సన్నటి తెల్ల రేణువులు కాంతిలో నీలాన్ని ఎక్కువ చెదరగొడతాయి, వెనక ముదురు రంగు ఉంటే అది తేలుతుంది. అదే మిశ్రమాన్ని మందంగా పూస్తే సిమెంటు గోడే. తడి మెరుపుకు చివర్లో ఒక్క తెల్లచుక్క, మందంగా. పెట్టాక మళ్లీ దిద్దకూడదు. నా లెక్కన కొత్తవాళ్ల చేపలు చచ్చేది అక్కడే.

పాతవాళ్లు వాడిన సీసపు తెలుపు విషం. ఇప్పటి టైటానియం తెలుపు దానికంటే కాంతిని గట్టిగా చెదరగొడుతుంది కనుక కొసరు చాలు. సుద్దపొడితో సరిపెడదామంటే కుదరదు. సుద్ద వక్రీభవన గుణకం 1.6 దగ్గర, నూనెది 1.48. తేడా తక్కువ కాబట్టి కాంతి చెదరక లోపలికి పోయి, తెలుపు మాసిపోతుంది.

నూనె గుడ్డల్ని మాత్రం ముద్దచేసి మూల పడేయకండి. ఆక్సిజన్ పట్టేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడి బయటికి పోక గుడ్డ దానంతటదే అంటుకుంటుంది. తాటాకు కప్పు కింద అయితే చెప్పనే అక్కర్లేదు. నీళ్లలో ముంచి, విడదీసి, ఆరుబయట ఆరేయాలి.

పొరలు ఫోన్ తెర మీద తెలియవు. ఏలూరులో రైలెక్కి గోదావరి దాటితే రాజమండ్రిలో దామెర్ల రామారావు (1897–1925) ఆర్ట్ గ్యాలరీ ఉంది. నూనెరంగుల్లోనూ వేశాడాయన. పక్కనుంచి, వాలు వెలుతురులో చూడండి.

నకలు పూర్తయ్యాక బతికిన చేపే కావాలనిపిస్తే కొర్రమీను తెచ్చుకోండి. గాలి పీల్చి బతకగలదు కనుక బేసిన్‌లో కాసిని నీళ్లతో గంటల తరబడి ఉంటుంది. కాకపోతే కదలకుండా కూర్చోదు, పైన మూత లేకపోతే బేసిన్‌లోనే ఉంటుందన్న హామీ కూడా లేదు.