పరిశోధన వ్యాసాల్లో ఉల్లేఖనాలు: పాటించవలసిన మెలకువలు

ఒక ఫలితం ఎవరు సాధించారో, ఏ నేలలో, ఏ పద్ధతిలో వచ్చిందో చదువరి స్వయంగా సరిచూసుకోవడానికి దారి చూపేది ఉల్లేఖనం. అది తప్పితే నష్టం వ్యాసంతో ఆగదు. సిఫారసుల ద్వారా రైతు పొలం వరకు చేరుతుంది.

మూలపత్రాన్ని చదవాలి

భాస్వరం మోతాదు ఇందుకు చక్కని ఉదాహరణ. అనేక పరిశోధన పత్రాలు భాస్వరాన్ని మూలక రూపంలో లెక్కిస్తాయి. మన ఎరువుల సిఫారసులు పి2ఓ5 రూపంలో ఉంటాయి. ఒక కిలో మూలక భాస్వరం 2.29 కిలోల పి2ఓ5కు సమానం. అంటే హెక్టారుకు 26 కిలోల భాస్వరం సుమారు 60 కిలోల పి2ఓ5 అవుతుంది. సమీక్షా వ్యాసంలో రూపం పేర్కొనకుండా "26 కిలోలు" అని మాత్రమే ఉంటే, దానిని పి2ఓ5గా భావించినవారి మోతాదు సగానికి పైగా తగ్గిపోతుంది.

మూలం లభించనప్పుడు ఏ వ్యాసంలో ఉదహరించగా చూశారో చెప్పి, చదివిన ఆ వ్యాసాన్నే గ్రంథసూచిలో చేర్చాలి.

పద్ధతులను ఉదహరించేటప్పుడు

సేంద్రియ కర్బనానికి వాక్లీ, బ్లాక్ (1934), లభ్య నత్రజనికి సుబ్బయ్య, అసిజా (1956), లభ్య భాస్వరానికి ఓల్సెన్ తదితరులు (1954) ప్రకటించిన పద్ధతులను తరచుగా ఉదహరిస్తారు. ప్రయోగశాలలో వాటిని మార్చి వాడితే ఆ మార్పును కూడా తెలపాలి. వాక్లీ-బ్లాక్ పద్ధతిలో సగటున 77 శాతం కర్బనమే ఆక్సీకరణం చెందుతుందన్న అంచనాతో 1.3 గుణకం వాడతారు. వేరే గుణకం వాడి, ఆ సంగతి చెప్పకపోతే ఫలితాలను పోల్చడం సాధ్యం కాదు. పాన్సే, సుఖాత్మేల గణాంక గ్రంథం వంటి పలు ముద్రణలు గల పుస్తకాల విషయంలో, చేతిలో ఉన్న ముద్రణ సంవత్సరాన్నే పేర్కొనాలి.

సాఫ్ట్‌వేర్ సాయం, దాని పరిమితి

జొటెరో, మెండెలీ వంటి సాఫ్ట్‌వేర్లలో డీఓఐ సంఖ్య ఇస్తే వ్యాసం వివరాలు చాలావరకు వాటంతటవే నమోదవుతాయి. పత్రిక మారినప్పుడు గ్రంథసూచి శైలిని క్షణాల్లో మార్చుకోవచ్చు. అయితే ఇంటిపేరు ముందుగా రాసే తెలుగు పేర్లలో చివరి పదాన్నే ఇంటిపేరుగా నమోదు చేసే అవకాశం ఉంది. అప్పుడు ఒకే రచయిత ఇద్దరిగా కనిపిస్తారు. శాస్త్రీయ నామాల వాలు అక్షరాలు, సంపుటి, పుట సంఖ్యలు కూడా పొరపాటుగా నమోదు కావచ్చు. కనుక ప్రతి నమోదును మూలపత్రం మొదటి పుటతో పోల్చి సరిచూడాలి.

పంపే ముందు

వ్యాసంలో పేర్కొన్న ప్రతి మూలం గ్రంథసూచిలోనూ, సూచిలోని ప్రతి మూలం వ్యాసంలోనూ ఉండాలి. రచయితల పేర్లు, సంవత్సరం రెండుచోట్లా ఒకేలా ఉండాలి. మోతాదులు, ప్రమాణాలు ఉన్న వాక్యాలను మాత్రం మూలపత్రం ఎదురుగా ఉంచుకొని మరొకసారి సరిచూడాలి.