జ్వరం దిగింది, జబ్బు పోలేదు

పాడేరు: తొలకరి పడి గెడ్డల్లో నీరు చేరిందంటే మన్యంలో చలిజ్వరాల కాలం వచ్చినట్లే. మందు ఇప్పుడు ఊళ్లోనే దొరుకుతోంది. అయినా నయమైన జ్వరం తిరగబెట్టిందనే మాట వినిపిస్తూనే ఉంటుంది. మాత్రల్లో పస లేదని కొందరి అనుమానం. అసలు కారణం చాలాసార్లు వేరు.

ఆడ అనాఫిలిస్ దోమ కుట్టినప్పుడు దాని లాలాజలంతో మలేరియా క్రిమి ఒంట్లోకి దిగుతుంది. నేరుగా కాలేయానికి పోయి వారం, పది రోజులు అక్కడ పెరుగుతుంది. అప్పటికి మనిషికేమీ తెలియదు. తరువాత రక్తంలోని ఎర్ర కణాల్లో దూరి, వాటిని పగలగొట్టుకుని బయటపడుతుంది. కణాలు ఒక్కసారిగా పగిలినప్పుడే వణుకు, జ్వరం, ఆ వెనుక చెమటలు.

వైవాక్స్ రకం క్రిముల్లో కొన్ని కాలేయంలోనే నిద్రపోయి నెలల తరువాత లేస్తాయి. మూడు రోజుల క్లోరోక్విన్‌కు రక్తంలోవి చస్తాయి గాని నిద్రపోయేవాటికి ఏమీ కాదు. వాటికోసమే 14 రోజుల ప్రైమాక్విన్. మూడో నాటికే జ్వరం దిగి పోడు పనికి వెళ్లిన మనిషికి మిగతా మాత్రలు గుర్తుండవు. గర్భిణులకు, ఏడాదిలోపు పిల్లలకు ఈ మందు ఇవ్వరాదు. వాడుతుండగా మూత్రం నల్లగా వస్తే ఆపేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఫాల్సిపారం ఇలా దాక్కోదు. కానీ ప్రాణం తీసేది ఇదే. ఇది పట్టిన కణాలు సన్నని రక్తనాళాలకు అతుక్కుని మెదడుకు రక్తం అందనివ్వవు. మాట తడబడినా, ఫిట్స్ వచ్చినా నాటు మందులతో పొద్దు పుచ్చరాదు. ఆశ కార్యకర్త వేలి నుంచి తీసే రక్తపు చుక్కతో అరగంటలోపే ఏ రకమో తేలుతుంది.

దోమ కడుపులో ఈ క్రిమిని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో చూశాడు. దోమ పుట్టుకతో రోగిష్టిది కాదు, మన దగ్గరే అంటించుకుంటుంది. జ్వరం దిగినవాడి రక్తంలోనూ దోమకు ఎక్కే క్రిములు మిగిలి ఉండవచ్చు. దోమ ఒంట్లో అవి పది రోజుల నుంచి రెండు వారాల్లో ముదిరి పొరుగింటివారికి చేరతాయి.

రక్తం తాగి బరువెక్కిన దోమ గోడమీద వాలుతుంది. మందు పిచికారీ అందుకే. పని చేసేది రెండు మూడు నెలలు. ఈలోగా పండగ వచ్చి ఇల్లాలు గోడలు అలికితే మందు మట్టికింద పడినట్లే. ఆమెను తప్పుపట్టి లాభం లేదు, మరకల గోడలతో పండగ ఎవరు చేసుకుంటారు? పిచికారీ సిబ్బంది వారం ముందు ఊరికి కబురు పెడితే అలుకుడు ముందే కానిచ్చుకుంటారు. దానికి అయ్యే ఖర్చు కూడా ఏమీ లేదు.