మంచాన పడితే ఎవరికి ఏం వస్తుంది?

పొద్దున మన శాఖ షట్టర్ లేచేసరికి లోపల ముగ్గురు ఉన్నారనుకుందాం. కౌంటర్ సర్దుకుంటున్న క్లర్కు, బకెట్‌తో నేల తుడుస్తున్న హౌస్‌కీపింగ్ ఆవిడ, పాస్‌బుక్ ఎంట్రీ కోసం అందరికంటే ముందే వచ్చి నిలబడ్డ కూరగాయల బండి ఆయన. ఈ ముగ్గురికీ ఒకే వారంలో చెయ్యి విరిగిందనుకోండి. నొప్పి ముగ్గురికీ ఒకటే. ఆ నెల ఇంటికి చేరే డబ్బు మాత్రం ముగ్గురికీ మూడు రకాలుగా ఉంటుంది.

నేను చాలా ఏళ్ళు శాఖల్లో, తరవాత సిబ్బంది విభాగంలో పనిచేశాను. ఈ విషయంలో రెండుచోట్లా చూసింది ఒక్కటే. ఈ డబ్బు దానంతటది రాదు. తేదీ దాటకుండా, సరైన కాగితం సరైన చోట ఎవరో ఒకరు ఇప్పించాలి. చదువుకున్నవాళ్ళు, కాగితం చూసి చెప్పగలిగేవాళ్ళు అని జనం మన దగ్గరికే వస్తారు కాబట్టి ఆ మూడు లెక్కలూ మనకు తెలిసి ఉండటం మంచిది.

మన సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఇది చాలామందికి తెలిసిందే. ద్వైపాక్షిక ఒప్పందాల ప్రకారం ఏడాది సర్వీసుకు నెల చొప్పున, మొత్తం సర్వీసులో 18 నెలల దాకా సగం జీతంతో సిక్ లీవు జమ అవుతుంది. పూర్తి జీతం కావాలంటే ఒక రోజుకు రెండు రోజులు మన ఖాతాలోంచి తగ్గిస్తారు. 24 ఏళ్ళు దాటినవారికి మరికొంత చేరుతుంది. చిన్న జ్వరాలకు కూడా పూర్తి జీతం లెక్కన సిక్ లీవు వాడేసుకుని, యాభై దాటాక గుండె ఆపరేషన్ నాటికి ఖాతా ఖాళీగా కనపడినవాళ్ళను చూశాను. యువ మిత్రులు ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే చాలు.

అంతగా తెలియనిది ఇంకొకటుంది. సర్వీసులో ఉండగా చూపు పోయినా, కాలు తీసేయాల్సి వచ్చినా ఉద్యోగం పోతుందేమోనన్న భయం మనలో ఇంకా ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ నాలుగో ఉపవిభాగం దీని గురించి స్పష్టంగా చెబుతుంది. ప్రభుత్వ సంస్థలో ఉద్యోగి సర్వీసు మధ్యలో వైకల్యం పొందితే అతన్ని తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పని చేయలేకపోతే అదే జీతపు స్కేలులో వేరే పని ఇవ్వాలి. అలాంటి ఖాళీ లేకపోతే, దొరికేదాకా లేదా రిటైరయ్యేదాకా అదనపు పోస్టు సృష్టించి అందులో ఉంచవచ్చు. ప్రభుత్వరంగ బ్యాంకులన్నీ ఈ నిర్వచనం కిందకే వస్తాయి. 1995 చట్టంలోని 47వ సెక్షన్ కూడా దాదాపు ఇదే చెప్పేది.

ఆ 47వ సెక్షన్ మీద 2008లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటి నాకు బాగా నచ్చుతుంది. పంజాబ్ విద్యుత్ బోర్డులో ఒక సహాయ లైన్‌మన్‌కు 1994లో ఉద్యోగంలో ఉండగానే పూర్తిగా చూపు పోయింది. తన హక్కు తనకు తెలియదు. నన్ను రిటైర్ చేసి నా భార్యకు ఉద్యోగం ఇవ్వండని 1996లో తనే ఉత్తరం రాసుకున్నాడు. బోర్డు మొదటి సగం ఒప్పుకుని అతన్ని ఇంటికి పంపింది. భార్యకు ఉద్యోగం ఇవ్వలేదు. కేసు చివరికి సుప్రీంకోర్టుకు చేరితే, అతను సర్వీసులోనే ఉన్నట్టు లెక్కగట్టి జీతం ఇవ్వమంది కోర్టు. అంతకంటే ముఖ్యంగా, చట్టం ఏం ఇస్తుందో తెలిసిన అధికారులు ఆ మాట అతనికి చెప్పి ఉండాల్సిందని తప్పుపట్టింది. అడగలేదు కాబట్టి చెప్పలేదు అన్న జవాబు అక్కడ చెల్లలేదు. మొన్న 2025 ఆగస్టులో తెలంగాణ ఆర్టీసీ డ్రైవరు కేసులోనూ సుప్రీంకోర్టు అదే దారిలో నడిచింది. రంగులు సరిగా గుర్తించలేని లోపం ఉందని రిటైర్ చేసిన అతనికి తగిన వేరే ఉద్యోగం ఇవ్వాలని తీర్పిచ్చింది.

ఇక రెండో మనిషి, బకెట్ పట్టుకున్న ఆవిడ. ఆవిడ మన ఉద్యోగి కాదు, కాంట్రాక్టరు మనిషి. జీతం నెలకు 21,000 లోపు ఉంటే, అంగవైకల్యం ఉన్నవారికైతే 25,000 లోపు ఉంటే, ఆవిడకు దిక్కు ఇ.ఎస్.ఐ. లెక్క సులువుగా ఉండటానికి జీతం 12,000 అనుకుందాం. నెలనెలా ఆవిడ జీతంలోంచి 0.75 శాతం, అంటే 90 రూపాయలు పోతాయి. యజమాని 3.25 శాతం, అంటే 390 రూపాయలు కడతాడు. ఆస్పత్రి, మందులు ఈ చందా మీదే నడుస్తాయి. మందుల సంగతి కార్మికులకు తెలుసు. జీతం బదులు డబ్బు కూడా వస్తుందని చాలామందికి తెలియదు.

మామూలు జబ్బు చేస్తే సగటు రోజు కూలిలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తారు. మొదటి రెండు రోజులకు రాదు. దీనికో షరతుంది. ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా పడి ఉండాలి. ఏ ఆరు నెలలు అనేదే అందరినీ తికమక పెడుతుంది. జులై నుంచి డిసెంబరు మధ్య జబ్బు చేస్తే అంతకుముందు అక్టోబరు నుంచి మార్చి దాకా చూస్తారు. జనవరి నుంచి జూన్ మధ్య అయితే వెనకటి ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా. క్షయ, క్యాన్సర్ లాంటి దీర్ఘవ్యాధుల జాబితా ఒకటుంది. వాటికి ఇంకొన్ని షరతుల మీద 80 శాతం చొప్పున రెండేళ్ళ దాకా వస్తుంది.

పని మీద తగిలిన దెబ్బ అయితే లెక్క మొత్తం మారిపోతుంది. 78 రోజుల షరతే ఉండదు. చేరిన మొదటి రోజు పడినా సరే. తగ్గేదాకా 90 శాతం ఇస్తారు. ఇంటి నుంచి పనికి వచ్చే దారిలో జరిగిన ప్రమాదం కూడా, పనితో సంబంధం ఉందని తేలితే ఇందులోకే వస్తుంది.

ఇదంతా ఎందుకు వివరంగా చెబుతున్నానంటే, నేను పనిచేసిన ఒక శాఖలో హౌస్‌కీపింగ్ ఆవిడ మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు కట్టించుకుని వచ్చాక కాంట్రాక్టరు సూపర్‌వైజరు ఆవిడతో అన్న మాట నా చెవిన పడింది. "ఇంట్లో పడ్డానని చెప్పమ్మా, ఏ గొడవా ఉండదు" అన్నాడు. అతనికి గొడవంటే ప్రమాద నివేదిక పంపడం, ఎలా జరిగిందో జవాబు చెప్పడం. ఆవిడ నా వైపు తిరిగి, "ఎట్టా చెప్పమంటారు సార్, ఆయన చెప్పినట్టు చెబితే డబ్బు రాదా?" అని అడిగింది.

వస్తుంది, తక్కువగా. రోజు కూలి 400 అనుకుని లెక్క కట్టి చూపించాను. 46 రోజులు ఇంట్లో ఉంటే జబ్బు కింద రోజుకు 280 చొప్పున, రెండు రోజులు పోను 12,320 వస్తుంది. అదీ 78 రోజుల చందా సరిగ్గా పడి ఉంటేనే. పని మీద దెబ్బ కింద అయితే రోజుకు 360 చొప్పున 16,560. అసలు తేడా అంతకంటే పెద్దది. రేపు మణికట్టు పూర్తిగా తిరగక, మెడికల్ బోర్డు సంపాదన శక్తిలో 10 శాతం నష్టమని తేల్చిందనుకుందాం. అప్పుడు రోజుకు 36 రూపాయల లెక్కన బతికినంత కాలం వస్తుంది. ఇంట్లో పడ్డానని రాసిస్తే ఆ తలుపు మూసుకుపోయినట్టే. మా మేనేజరు గారు ఆ రోజే శాఖ లెటర్‌హెడ్ మీద ప్రమాదం ఎక్కడ, ఎన్ని గంటలకు, ఎవరి కళ్ళముందు జరిగిందో రాసి కాంట్రాక్టరుకు పంపారు. ఆ తరవాత నివేదిక వెళ్ళక తప్పలేదు. ఇంకొకటి, ఇలా సెలవు డబ్బు తీసుకుంటున్న రోజుల్లో పనిలోంచి తీసేయకూడదని అప్పటి ఇ.ఎస్.ఐ. చట్టం 73వ సెక్షన్ చెప్పేది. ఆవిడ మొదట భయపడింది దానికే.

కాంట్రాక్టరు మారినప్పుడు మరో చిక్కు వస్తుంది. ఇ.ఎస్.ఐ. నంబరు మనిషికి ఒకటే, యజమాని మారినా అదే కొనసాగాలి. కొత్త కాంట్రాక్టరు కొత్తవాళ్ళన్నట్టు మళ్ళీ కొత్త నంబరు తీయిస్తే పాత చందా రోజులు వేరే పేజీలో ఉండిపోతాయి. బిల్లు మీద సంతకం పెట్టే ముందు చందా చలానాతో పాటు నంబర్ల జాబితా కూడా ఒకసారి చూడండి. అయిదు నిమిషాల పని.

పనే పోతే ఏమిటన్న ప్రశ్నకూ ఇ.ఎస్.ఐ.లో కొంత జవాబుంది. 2018లో మొదలైన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద సగటు కూలిలో 50 శాతం, జీవితంలో ఒక్కసారి, 90 రోజుల దాకా ఇస్తారు. దీన్ని విడతలవారీగా పొడిగిస్తూ వస్తున్నారు కాబట్టి దరఖాస్తు ముందు ఇ.ఎస్.ఐ. శాఖలో కనుక్కోవాలి. ఫ్యాక్టరీ మూతబడటం వల్లో, రిట్రెంచ్‌మెంట్ వల్లో, పనికి సంబంధం లేని కారణంతో 40 శాతానికి తగ్గని శాశ్వత వైకల్యం వల్లో ఉపాధి పోతే 2005 నాటి రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన ఉంది. మొదటి ఏడాది 50 శాతం, రెండో ఏడాది 25 శాతం. తనంతట తాను మానేసినవారికి రాదు. ఖాళీ కాగితం మీద రాజీనామా సంతకం పెట్టించుకునే యజమానులు ఎందుకు పెట్టించుకుంటారో ఇక్కడ కొంత అర్థమవుతుంది.

మూడో మనిషికి, అంటే కూరగాయల బండి ఆయనకు, ఇవేవీ లేవు. విరిగిన చెయ్యి అతుక్కునేదాకా ఆయనకు రోజు కూలి బదులు ఇచ్చే పథకం నాకు తెలిసి మన కౌంటర్లో లేదు. ఉన్నది పాస్‌బుక్‌లో మే నెలాఖరున కనిపించే 20 రూపాయల కోత. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన అది. 18 నుంచి 70 ఏళ్ళ వారికి, జూన్ 1 నుంచి మే 31 దాకా. ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు. రెండు కళ్ళు, రెండు చేతులు, రెండు కాళ్ళు, లేదా ఒక కన్నుతో పాటు ఒక చెయ్యి గానీ కాలు గానీ పూర్తిగా పోతే 2 లక్షలు. ఒక కన్ను, ఒక చెయ్యి, ఒక కాలు వీటిలో ఒకటి శాశ్వతంగా పోతే లక్ష. అతుక్కునే ఎముకకు ఏమీ రాదు. ఈ సంగతి చేర్చుకునే రోజే చెప్పాలి.

436 రూపాయల జీవన్ జ్యోతితో దీన్ని కలిపేసుకునేవాళ్ళు ఎక్కువ. జీవన్ జ్యోతి మరణానికి మాత్రమే, వైకల్యానికి పైసా రాదు. నాలుగు బ్యాంకుల్లో నాలుగుసార్లు 20 కోయించుకున్నా సురక్షా బీమా ఒక్కదానికే చెల్లుతుంది. కోత రోజున ఖాతాలో డబ్బు లేకపోతే బీమా ఆగిపోతుంది. మే 20 తరవాత వచ్చే ఖాతాదారుకు "ఒక యాభై ఉంచండి" అని చెప్పడం నాకు అలవాటైపోయింది.

వైకల్యం మిగిలిపోతే ముగ్గురికీ కావాల్సిన కాగితం ఒకటే. రెండు తెలుగు రాష్ట్రాల్లో సదరం శిబిరానికి స్లాట్ తీసుకుని వెళ్ళాలి. జాతీయ గుర్తింపు కార్డు రంగు చూసి శాతం చెప్పొచ్చు. 40 లోపు తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80 పైన నీలం. పింఛనుకైనా, రిజర్వేషనుకైనా సాధారణంగా 40 శాతమే గీటు. 1995 చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండేవి, 2016 చట్టంలో 21 ఉన్నాయి. తలసీమియా, పార్కిన్సన్స్, యాసిడ్ దాడి బాధితులు కూడా అందులో ఉన్నారు. అవయవాలన్నీ బాగానే ఉన్నాయి కదా అని మనమే కొట్టిపారేయకూడదు.

డబ్బు ఖాతాలో పడ్డాక తీసుకోవడం మరో మెట్టు. సంతకం పెట్టలేనివారికి బొటనవేలి ముద్ర చాలని అందరికీ తెలుసు. చేతులు పనిచేయకపోతే కాలి వేలి ముద్ర తీసుకోవచ్చు. ఇద్దరు స్వతంత్ర సాక్షులు గుర్తించాలి, వారిలో ఒకరు బాధ్యత గల బ్యాంకు అధికారి అయి ఉండాలి. అదీ కుదరకపోతే చెక్కు లేదా విత్‌డ్రాయల్ ఫారం మీద ఒక గుర్తు పెట్టించి, దాన్ని కూడా అలాగే ఇద్దరి చేత గుర్తింపజేస్తారు. 70 దాటినవారికి, వికలాంగులకు, కదలలేనివారికి నగదు ఇవ్వడం, తీసుకోవడం లాంటి ప్రాథమిక సేవలు ఇంటి దగ్గరే అందించమని రిజర్వు బ్యాంకు 2017 నవంబరులో చెప్పింది. అందుకని ఈసారి ఎవరైనా మంచాన ఉన్న తండ్రి తరఫున వచ్చి అడిగితే, ఆయన్ని ఆటోలో తీసుకురమ్మనే ముందు మీ శాఖలో ఇంటికి వెళ్ళే పని ఎవరికి అప్పగించారో కనుక్కోండి.