తీగ లేని నెట్‌కు తీగే ఆసరా

హైదరాబాద్‌లోని తార్నాక పేరులోనే తీగ ఉంది. ఉర్దూలో తార్ అంటే తీగ, నాకా అంటే రాకపోకలను ఆపి చూసే గేటు. నిజాం కాలంలో ఇక్కడ ఒక పెద్ద తోట ఉండేదని, దాని దగ్గర వేసిన తీగ కంచె, కాపలా గేటు వల్లే ఈ పేరు స్థిరపడిందని స్థానికులు చెప్పుకుంటారు. ఇప్పుడు అదే తార్నాకలో కింది హాల్లో పరుగులు తీసే నెట్ మేడ మీది గదికి చేరేసరికి చతికిలపడుతుంది. ఆన్‌లైన్ క్లాసులో మాస్టారి ముఖం బిగుసుకుపోతుంది, ఓటీపీ వచ్చాక పేమెంట్ పేజీ తెరుచుకోదు. వెంటనే మనకు తోచే మందులు రెండు: ఇంకా పెద్ద ప్లాన్ వేయించడం, లేదా ఇంకా ఖరీదైన రౌటర్ కొనడం. చాలా ఇళ్లకు ఈ రెండూ అక్కర్లేదు. అటక మీద పడి ఉన్న పాత రౌటర్‌ను దించి, కొత్త రౌటర్ నుంచి దాని దాకా ఒక తీగ లాగితే చాలు. తీగ లేని నెట్‌ను దూరం తీసుకెళ్లేది తీగే.

ఇది ఎందుకు నిజమో తెలియాలంటే ముందు గోడల సంగతి చూడాలి. వైఫై ఒక రేడియో తరంగం. అది వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జ్ తరంగానిది అందులో సగానికి కాస్త తక్కువ. పొట్టి తరంగం వేగంగా సమాచారం మోస్తుంది కానీ గోడ అడ్డొస్తే త్వరగా నీరసిస్తుంది. సిగ్నల్ నష్టాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు. 10 డెసిబెల్స్ పోతే మిగిలేది పదో వంతు, 20 పోతే నూరో వంతు. అంటే రెండో గోడ మొదటి గోడంతే కదా అనుకోవడానికి లేదు, నష్టం హెచ్చవేతలో పెరుగుతుంది. మన ఇళ్లలో ఇటుక గోడలకు తోడు ఇనుప చువ్వలు అల్లిన శ్లాబ్ ఉంటుంది. గదిలో అద్దం బిగించిన ఇనుప బీరువా, డాబా మీద నీళ్ల ట్యాంకు ఉంటాయి. లోహం తరంగాన్ని తిప్పికొడుతుంది, నీరు మింగేస్తుంది. ఇక 1939 డిసెంబర్ 4న ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ప్రారంభించిన ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ లాంటి గ్రానైట్ కట్టడాల్లో గోడల మందం మాట చెప్పనే అక్కర్లేదు. బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ ఆ భవనానికి నమూనా గీసినప్పుడు గోడలు దాటాల్సినవి గాలీ వెలుతురే.

ఈ లెక్క తెలిస్తే మామూలుగా ఆశ్రయించే మందులు ఎందుకు పనిచేయవో అర్థమవుతుంది. 100 ఎంబీపీఎస్ ప్లాన్‌ను 300 చేయించుకుంటే వేగం పెరిగేది ఇంటి గుమ్మం దాకా వచ్చే ఫైబర్‌లో. గుమ్మం నుంచి మేడ మీది గది దాకా ఉన్న గోడలకు మీ ప్లాన్‌తో పని లేదు. నాలుగు కొమ్ముల పెద్ద రౌటర్ సంగతీ అంతంతే. వైఫై ఇద్దరి మధ్య మాట. వీధి చివరి నుంచి ఒకరు మైకు పట్టుకుని అరిస్తే మనకు వినపడుతుంది, మన జవాబు మాత్రం అక్కడికి చేరదు. రౌటర్ ఎంత గట్టిగా పలికినా, చిన్న బ్యాటరీతో బతికే ఫోన్ గొంతు పెరగదు. అందుకే తెర మీద గీతలు నిండుగా ఉన్నా పేజీ కదలదు. ఇక గోడకు గుచ్చే రిపీటర్. ఒకే రేడియో ఉన్న రిపీటర్ విన్న మాటనే మళ్లీ అదే ఛానెల్‌లో పలకాలి, వినేటప్పుడు పలకలేదు. కాబట్టి వేగం దాదాపు సగానికి పడిపోతుంది. పైగా చాలామంది దాన్ని సిగ్నల్ లేని గదిలోనే గుచ్చుతారు. తనకే సరిగా వినపడనిది అది మనకేం వినిపిస్తుంది?

సరైన మందు ఎలా ఉంటుందో చూడాలంటే ఏ విశ్వవిద్యాలయంలోనైనా తలెత్తి పైకప్పు చూస్తే చాలు. వైఫై పద్ధతిగా ఏర్పాటు చేసిన క్యాంపస్‌లో ఒక్క మహా రౌటర్‌ను నడిమధ్యలో పెట్టరు. వరండాకొకటి, గ్రంథాలయం హాలుకొకటి చొప్పున చిన్న తెల్ల డబ్బాలు బిగిస్తారు. వాటిని యాక్సెస్ పాయింట్లంటారు. ఒక్కో డబ్బా వెనక నుంచి ఒక్కో తీగ గోడలోకి వెళుతుంది. దూరాన్ని తీగ దాటుతుంది, చివరి కొద్ది దూరమే గాలికి వదులుతారు. రాగి ఈథర్నెట్ తీగ 100 మీటర్ల దాకా వేగం తగ్గకుండా మోస్తుంది. తార్నాకలో ఏ మూడంతస్తుల ఇంటికైనా అందులో సగం మిగులే. ఇంట్లో పడి ఉన్న పాత రౌటర్‌కు ఈ యాక్సెస్ పాయింట్ పని చేతనవును. నిజానికి రౌటర్ అంటే నాలుగు పనుల కలగూర: బయటి నెట్‌కు దారి చూపడం, ఇంట్లోని పరికరాలకు చిరునామాలు పంచడం, తీగలను కలపడం, వైఫై వెదజల్లడం. మొదటి రెండు పనులు ఆపేస్తే మిగిలేది యాక్సెస్ పాయింటే.

పాత రౌటర్లకు కరువు కూడా లేదు. బీఎస్ఎన్ఎల్ 2005 జనవరిలో డేటావన్ పేరుతో బ్రాడ్‌బ్యాండ్ మొదలుపెట్టాక ల్యాండ్‌లైన్ ఉన్న ఇళ్లలోకి మోడెములు వచ్చాయి. తర్వాత కేబుల్ నెట్, ఆ తర్వాత ఫైబర్. కంపెనీ మారినప్పుడల్లా ఒక డబ్బా అటకెక్కింది. ఫోన్ తీగ గుచ్చే పాత మోడెమ్ అయినా సరే, దానికి వైఫై, ఇంట్లోని పరికరాలకు తీగ గుచ్చే లాన్ రంధ్రాలు ఉంటే పనికొస్తుంది. ముందు దాని వెనక ఉన్న చిన్న రీసెట్ మీటను పిన్నుతో పది సెకన్లు నొక్కి పట్టాలి, పాత సెట్టింగులన్నీ చెరిగిపోతాయి. తర్వాత దాన్ని తీగతో కంప్యూటర్‌కు కలిపి, అడుగున చీటీ మీద రాసి ఉన్న చిరునామా, చాలావాటిలో 192.168.1.1 లేదా 192.168.0.1, బ్రౌజర్‌లో కొట్టాలి. మెనూలో ‘యాక్సెస్ పాయింట్ మోడ్’ అనే ఎంపిక ఉంటే సగం పని అయిపోయినట్టే. లేకపోతే రెండు మార్పులు చేతితో చేయాలి. ఒకటి, పాత డబ్బా చిరునామా మార్చడం: అసలు రౌటర్ 192.168.1.1 అయితే దీనికి 192.168.1.250 లాంటిది, అసలు రౌటర్ ఇతరులకు పంచే వరుసలో లేనిది ఇవ్వాలి. రెండు, డీహెచ్‌సీపీని ఆపేయడం. డీహెచ్‌సీపీ అంటే హాస్టల్లో గదులు కేటాయించే వార్డెన్ లాంటిది. ఇద్దరు వార్డెన్లు ఒకరికి తెలియకుండా ఒకరు చీటీలు రాస్తే ఒకే గదికి ఇద్దరు పెట్టెలు మోసుకొస్తారు. ఇంట్లో ఒక్క వార్డెనే ఉండాలి, అది అసలు రౌటర్. చివరగా అసలు రౌటర్ లాన్ రంధ్రం నుంచి పాతదాని లాన్ రంధ్రానికి తీగ కలపాలి. బయటి నెట్ తీగ కోసం విడిగా ఉండే వాన్ రంధ్రాన్ని ఖాళీగా వదిలేయాలి. చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

వైఫై పేరు, పాస్‌వర్డ్ రెండింటికీ ఒకటే పెడితే ఫోన్ దగ్గర ఉన్న డబ్బాను తానే వెతుక్కుంటుంది. అయితే ఫోన్లు ఒకసారి పట్టుకున్న సిగ్నల్‌ను తేలిగ్గా వదలవు. మేడెక్కినా కిందిదాన్నే పట్టుకుని వేలాడుతుంటే రెండిటికీ వేరువేరు పేర్లు పెట్టడమే నయం. ఛానెల్ మాత్రం తప్పకుండా వేరుచేయాలి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడకుండా వాడుకోగల ఛానెళ్లు మూడే: 1, 6, 11. పీజీ హాస్టళ్లు, అపార్ట్‌మెంట్లు భుజాలు రాసుకునే తార్నాక, హబ్సిగూడ వీధుల్లో ఈ మూడింటి మీదే అందరి కాపురం. కింది డబ్బా 1 మీద ఉంటే పైదాన్ని 6 లేదా 11 మీద పెట్టాలి. ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కే పరిమితం చేయాలి. 40 అంటే ఇరుగుపొరుగు వాకిట్లోకి కూడా మంచం జరపడమే.

పాత డబ్బా నెమ్మది కదా అన్నది మొదటి అభ్యంతరం. నిజమే. 2009లో ఖరారైన 802.11ఎన్ వైఫై ప్రమాణం నాటి రౌటర్ పెట్టె మీద 300 ఎంబీపీఎస్ అని రాసి ఉన్నా, దాని తీగ రంధ్రం 100కే పరిమితం కావచ్చు, గాలిలో చేతికందేది ఇంకా తక్కువ. కానీ పోల్చాల్సింది కొత్త రౌటర్ పక్కన కూర్చుంటే వచ్చే వేగంతో కాదు, ఆ మూల గదిలో ఇప్పుడు వస్తున్న వేగంతో. హెచ్‌డీ వీడియోకు 5 ఎంబీపీఎస్ చాలు, వీడియో కాల్‌కూ దాదాపు అంతే. రెండు గోడల అవతల ఉన్న సరికొత్త రౌటర్ కంటే ఒకే గదిలో ఉన్న పాత రౌటర్ చాలాసార్లు మెరుగు. పెద్ద ఫైళ్లు దింపుకునేవారికి, ఆటలాడేవారికి ఇది సరిపోకపోవచ్చు. వాళ్లు ఆ డబ్బా లాన్ రంధ్రం నుంచే కంప్యూటర్‌కు తీగ కలుపుకోవచ్చు.

రెండో అభ్యంతరం భద్రత. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. తయారీ కంపెనీలు అప్‌డేట్లు ఆపేసిన పాత రౌటర్లలోకి నేరగాళ్లు చొరబడి, వాటిని తమ జాడ దాచుకునే ముసుగులుగా వాడుతున్నారని 2025 మేలో అమెరికా ఎఫ్‌బీఐ హెచ్చరించింది. అయితే ఆ హెచ్చరిక ముఖ్యంగా నెట్‌కు నేరుగా ఎదురుగా కూర్చుని, బయటి నుంచి నడిపే వీలు తెరిచి ఉంచిన రౌటర్ల గురించి. యాక్సెస్ పాయింట్‌గా మారిన డబ్బా వీధి తలుపు దగ్గర ఉండదు, అసలు రౌటర్ వెనక లోపలి గదిలో ఉంటుంది. ప్రమాదం పూర్తిగా పోదు కానీ బాగా తగ్గుతుంది. దానికి తోడు అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చాలి, రిమోట్ మేనేజ్‌మెంట్, మీట నొక్కి కలిపే డబ్ల్యూపీఎస్ ఆపేయాలి, దొరికితే ఆఖరి ఫర్మ్‌వేర్ ఎక్కించాలి. కొత్త పరికరాలకు వైఫై ధ్రువీకరణ ముద్ర కావాలంటే డబ్ల్యూపీఏ2 అనే తాళం పద్ధతి తప్పనిసరి అని 2006లోనే నియమం వచ్చింది. ఆ ఎంపికే లేని, అంతకంటే పాతదైన డబ్ల్యూఈపీ మాత్రమే తెలిసిన డబ్బా అయితే దానికి విశ్రాంతి ఇవ్వడమే మేలు. పాస్‌వర్డ్ లేకుండా మాత్రం ఒక్క పూట కూడా వదలొద్దు. 2008 జులై అహ్మదాబాద్ పేలుళ్లకు ముందు వచ్చిన బెదిరింపు ఈమెయిల్ నవీ ముంబయిలో తాళం లేని ఒక ఇంటి వైఫై నుంచి వెళ్లినట్టు తేలింది. ఆ ఇంటివారికి ఆ ఈమెయిల్‌తో ఏ సంబంధమూ లేకపోయినా పోలీసుల ప్రశ్నలు తప్పలేదు.

తీగ లాగడం అద్దె ఇంట్లో ఎలా కుదురుతుందన్నది మూడో ప్రశ్న. కేబుల్ టీవీ తీగ వచ్చిన కిటికీ సందు, ఏసీ పైపు రంధ్రం, తలుపు గడప పక్కన దూరే బల్లపరుపు తీగ, ఇలా గోడ తొలచకుండానే దారులున్నాయి. కరెంటు తీగలున్న పైపులోకి మాత్రం దీన్ని దూర్చకూడదు, అది ప్రమాదం. డాబా మీది గదికి ఇంటి బయట నుంచి లాగేటట్టయితే ఎండకూ వానకూ తట్టుకునే బయటి రకం తీగే వాడాలి, ఉరుములు మెరుపులు మొదలుకాకముందే రెండు కొసలూ ఊడదీయాలి. తీగ ఏ విధంగానూ కుదరని ఇల్లు ఉంటే, రేడియోలు రెండు మూడు ఉండే మెష్ సెట్ కొనడం న్యాయమైన ఖర్చే. కానీ ఆ మెష్ డబ్బాల వెనకా లాన్ రంధ్రాలు ఉంటాయి. వీలైతే తీగతోనే కలపమని వాటి తయారీదారులే సలహా ఇస్తారు.

క్యాంపస్ హాస్టల్లో ఉండే విద్యార్థికి మాత్రం ఈ సలహా వర్తించదు. గది గోడలోని నెట్ రంధ్రానికి సొంత రౌటర్ తగిలిస్తే, అందులో డీహెచ్‌సీపీ ఆపడం మరిచిపోతే, ఆ ఒక్క డబ్బా అంతస్తంతటికీ తప్పుడు చిరునామాలు పంచుతుంది. అందరి నెట్ ఆగిపోతుంది, కారణం ఎవరికీ అంతుబట్టదు. అందుకే అనుమతి లేని రౌటర్లను విశ్వవిద్యాలయాలు నిషేధిస్తాయి. అది మొండితనం కాదు, పదిమంది క్షేమం. సిగ్నల్ లేని గది గురించి కంప్యూటర్ సెంటర్‌కు రాసి ఒక యాక్సెస్ పాయింట్ అడగడమే అక్కడ సరైన దారి. ఇంట్లో మీరే యజమాని, క్యాంపస్‌లో వాటాదారు.

చివరికి ఖర్చు లెక్క. ఎడాప్టర్ మీద 12 వోల్టులు, 0.5 ఆంపియర్ అని ఉంటే ఆ డబ్బా తినేది మహా అయితే 6 వాట్లు. నెలంతా పగలూ రాత్రీ వెలిగినా 4.3 యూనిట్లు. తీగ మీటరుకు పదుల రూపాయల్లోనే. మరోవైపు అటక మీది డబ్బా ఏదో ఒకనాడు చెత్తలోకి వెళ్లాల్సిందే. ఎలక్ట్రానిక్ వ్యర్థాలను పద్ధతిగా వెనక్కి సేకరించే బాధ్యతను తయారీదారుల మీద పెట్టిన 2022 నాటి నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. కానీ రీసైక్లింగ్ కంటే ముందు మెట్టు తిరిగి వాడడం. కాబట్టి నెట్ కంపెనీకి ఫోన్ చేసి ప్లాన్ పెంచమనే ముందు ఒక పరీక్ష చేయండి. రౌటర్ పక్కన నిలబడి ఒకసారి, మూల గదిలో ఒకసారి వేగం కొలవండి. రెండుచోట్లా తక్కువగా ఉంటే తప్పు కంపెనీది, వాళ్లనే అడగండి. మొదటిచోట బాగుండి రెండోచోట పడిపోతే తప్పు గోడది. నిచ్చెన వేసి అటక వెతకండి.