బండి బీమా కాగితములో ఏమున్నది?

సాయంకాలము కార్ఖానాలు విడుచు వేళ అశోక్ చౌక్ కూడలిలో కొంచెముసేపు నిలిచి చూడుడు. సైకిళ్లు తగ్గిపోయినవి. మోటారు సైకిళ్లు, స్కూటర్లు, రిక్షాలు, వాటి నడుమ నూలు మూటల టెంపోలు ఒకదాని నొకటి త్రోసికొనుచు పోవుచుండును. మన తాతలు తెలంగాణము విడిచి సోలాపురము చేరి మగ్గము వేసికొన్నప్పుడు ఇంటికి ఒక బండి యుండునని కలనైనను తలచియుండరు. నేడు ఇంటింట బండి గలదు. బండికొక బీమా కాగితమును గలదు. అది ఎక్కడ నున్నదని అడిగినచో, అయ్య పెట్టెలో బట్టల క్రింద వెదకును, లేదా ఫోనులో నెక్కడనో యున్నదనును. చదివినవారు మాత్రము అరుదు.

ఇందులో వారి తప్పు కొంచెమే. పాలసీ ఇంగ్లీషులో నుండును. ప్రమాదము జరిగినప్పుడు పోలీసులు వ్రాయు పంచనామా మరాఠీలో నుండును. ఇంటిలో మాట తెలుగు. ఈ మూడును చదువగలవారు మన ఇండ్లలో ఎవరైనా ఉన్నచో అది హైస్కూలు విద్యార్థులే. కావున ఈ సంగతి మీకే చెప్ప దలచినాము.

మొదట తెలియవలసిన దొకటి కలదు. చట్టము బలవంతముగా చేయించు బీమా మన బండి కొఱకు కాదు. మన బండి ఎవరిని గుద్దునో వారి కొఱకు. 1939 నాటి మోటారు వాహనముల చట్టములోని ఈ నిబంధన 1946లో అమలులోనికి వచ్చినది. నేడున్నది 1988 నాటి చట్టము, ఉద్దేశము అదియే. త్రోవన పోవు పేదవాడు గాయపడినప్పుడు బండివానియొద్ద ధనము లేకున్నను వానికి పరిహారము దొరకవలెనని దీని భావము. దీనినే థర్డ్ పార్టీ బీమా అందురు. ఇది లేక బండి నడపినచో మొదటిసారి 2,000 రూపాయలు, తరువాత 4,000 రూపాయలు జరిమానా. మూడు మాసముల వరకు ఖైదు కూడ పడవచ్చును. మన బండి పగిలిన నష్టమునకు వేరుగా స్వంత నష్టపు బీమా తీసికొనవలెను. రెండును కలిసినదే ప్యాకేజీ పాలసీ.

ఇచ్చటనే మన పేటలో పెద్ద పొరపాటు జరుగుచున్నది. సుప్రీంకోర్టు ఆజ్ఞ ననుసరించి 2018 సెప్టెంబరు 1 నుండి క్రొత్త ద్విచక్ర వాహనమునకు ఐదేండ్ల థర్డ్ పార్టీ బీమాయు, క్రొత్త కారునకు మూడేండ్లదియు ఒక్కసారే తీసికొన వలసియున్నది. అంగడిలో బండి కొన్నవాడు “ఐదేండ్లకు బీమా అయినది” అని నిశ్చింతగా ఇంటికి వచ్చును. కాని సామాన్యముగా ఆ కాగితములో స్వంత నష్టపు భాగము ఒక్క ఏడాదిదే. రెండవ ఏట వానలో బండి జారి ముందు భాగము నుగ్గయినప్పుడు పెట్టె తెరచి చూడగా ఆ భాగము గడువు ఎన్నడో ముగిసియుండును. ఒకే కాగితముపై రెండు తేదీలుండును. రెండింటిని వేర్వేరుగా చూడవలెను.

బండి ఇనుము. దానికంటె ముఖ్యమైనది వెనుక సీటులో కూర్చున్న మనిషి. అమ్మను వెనుక నెక్కించుకొని అయ్య పోవుచుండగా ఇతరుల బండి తప్పువలన దెబ్బ తగిలినచో, ఆ బండి బీమా కంపెనీ నుండి ఆమె పరిహారము కోరవచ్చును. అయ్య బండియే జారిపడినచో? ఉత్త థర్డ్ పార్టీ పాలసీ వెనుక కూర్చున్నవారికి వర్తించదని సుప్రీంకోర్టు 2006లో తిలక్ సింగ్ కేసులో తీర్పు చెప్పినది. ప్యాకేజీ పాలసీ యున్నచో వారికిని రక్షణ గలదని 2012లో బాలకృష్ణన్ కేసులో చెప్పినది. కొన్ని వందల రూపాయలు మిగులునని ప్యాకేజీ మానుకొనువారికి ఈ భేదము ఎవ్వరును చెప్పరు.

ఇక నడపు యజమాని సంగతి. ఆయన తన బండికి తాను పరుడు కాడు గదా! అందుచేత ఆయనకు వేరుగా 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా యుండును. కాగితములో ఆ గడి ఖాళీగా నున్నదేమో, వారసుని పేరు సరిగా వ్రాయబడినదో లేదో చూడుడు. బండి ఎవరి పేరిట నున్నదో వారే నడపుచుండవలెను. లైసెన్సు చెల్లుబాటులో నుండవలెను. కుమారుడు నడపుచు పడినచో ఈ సొమ్ము రాదు.

కుమారుని ప్రస్తావన వచ్చినది గనుక ఒక మాట. మీలో కొందరు అయ్య బండి తీసికొని ట్యూషనుకు పోవుట మేము చూచుచునే యున్నాము. లైసెన్సు లేని బాలుడు ఒకరిని గుద్దినచో, గాయపడినవారికి కంపెనీ సొమ్ము చెల్లించి, పిదప అదంతయు బండి యజమాని నుండి వసూలు చేయునట్లు న్యాయస్థానములు ఆజ్ఞాపించుట కలదు. అంతట మగ్గముల మీదికే వచ్చును. తండ్రికి మూడేండ్ల వరకు ఖైదును, 25,000 రూపాయల జరిమానాయు 2019 నాటి సవరణలో నున్నవి.

ప్రమాదము జరిగిన పిదప గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చుట మొదటి పని. తరువాత పోలీసులకును, బీమా కంపెనీకిని వెంటనే తెలుపవలెను. సర్వేయరు వచ్చి చూచువరకు బండిని బాగుచేయించరాదు. బిల్లు మొత్తము కంపెనీ ఇచ్చునని తలచువారికి ఇచ్చట నిరాశ కలుగును. ఏడాదిన్నర పాత స్కూటరునకు ప్లాస్టికు భాగములు 4,000, ఇనుప భాగములు 3,000, కూలి 800, వెరసి 7,800 రూపాయలైన దనుకొందము. సాధారణ పాలసీలో ప్లాస్టికునకు సగము, రెండవ ఏటి ఇనుమునకు నూటికి పది తరుగు తీయుదురు. కూలి పూర్తిగా ఇత్తురు. 2,000, 2,700, 800 కలిసి 5,500. అందులో యజమాని భరింపవలసిన 100 పోగా చేతికి వచ్చునది 5,400. పైగా ఆ ఏడు సొమ్ము అడిగినందున మరుసటి ఏటి ప్రీమియములో తగ్గింపు పోవును. చిన్న గీతకు సొమ్ము అడుగుట ఒక్కొక్కప్పుడు నష్టమే.

పెండ్లిండ్లకు, జాతరలకు మనవారు హైదరాబాదు రోడ్డున ఉమర్గా, హుమ్నాబాదు, జహీరాబాదు మీదుగా మూడు రాష్ట్రములు దాటి పోవుదురు. పాలసీ దేశమంతట చెల్లును. తెలంగాణములో దెబ్బ తగిలినవారు అక్కడి కోర్టు చుట్టు తిరుగ నక్కరలేదు. గాయపడినవారు నివసించుచోటనే, అనగా సోలాపురములోని మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునలులోనే అర్జీ పెట్టుకొనవచ్చును. గుద్దిన బండి పారిపోయి దొరకకున్నచో మృతికి 2 లక్షలు, తీవ్ర గాయమునకు 50,000 రూపాయలు ప్రభుత్వ పథకము క్రింద లభించును.

అర్జీకి ఆరు మాసముల గడువు 2022 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. ఆ గడువు న్యాయమా యను వివాదము సుప్రీంకోర్టు ముందునకు పోయినది; అయినను దానిని నమ్ముకొని ఆలసించుట మంచిది కాదు. స్వంత నష్టపు సొమ్ము కంపెనీ నిరాకరించినచో మొదట ఆ కంపెనీ ఫిర్యాదుల అధికారికి వ్రాయవలెను. నెల దినములలో జవాబు రాకున్నను, వచ్చిన జవాబు తృప్తికరముగా లేకున్నను, పుణెలోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఏడాదిలోపల ఫిర్యాదు పంపవచ్చును. దానికి రుసుము లేదు, వకీలు అక్కరలేదు.