గాజుల పేరు సరే, కూలి పేరేదీ?

చార్మినార్ పక్కన లాడ్‌బజార్‌లో అమ్మే లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇక హైదరాబాద్ లక్క గాజులన్న పేరు ఇక్కడి సరుకుకే చెల్లుతుంది. మంచిదే. మరి దాని ఫలం ఎవరి ఇంటికి చేరాలి?

దేశంలో లక్క ఎక్కువగా జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్‌లలో పండుతుంది. మోదుగు, రేగు చెట్ల మీద పురుగును పెంచి ఆదివాసులు తీసే పంట అది. పాతబస్తీలో నిప్పుల పొయ్యి ముందు కూచుని, వేడి లక్కను సాగదీసి, ఒక్కొక్క రాయీ అతికేది కూలి మనిషి.

పేటెంటు కొత్తది కనిపెట్టినవాడికి 20 ఏళ్ళు దక్కే హక్కు. తరతరాల పనితనానికి అది రాదు. అందుకే 1999 చట్టం ఊరి పేరును ఉమ్మడి హక్కు చేసింది. అయితే అందులో ఓ మెలిక ఉంది. చేతిపనుల్లో ఉత్పత్తిదారంటే చేసేవాడే కాదు, ఆ సరుకుతో వ్యాపారం చేసేవాడూనట! పొయ్యి సెగ తగలని షావుకారూ హక్కుదారే.

ఇదెక్కడో విన్నట్టు లేదూ? సాగు కౌలుదారుది, పట్టా భూస్వామిది. పంట మునిగితే పరిహారం పట్టా ఉన్నవాడికే పోవడం మనం చూడలేదా?

హక్కుదారుగా రిజిష్టరులో ఎవరికి వారు పేరు ఎక్కించుకోవాలి. ఆ దరఖాస్తు రుసుమును 2020లో 500 నుంచి 10 రూపాయలకు తగ్గించారు. పది రూపాయలు పెద్ద అడ్డం కాదు. కాగితం రాసి, చెన్నై ఆఫీసుదాకా వెంటపడే మనిషి కావాలి. ఆ పని సంఘాలది. పొయ్యి దగ్గర కూచున్న ప్రతి ఒక్కరి పేరూ ఎక్కాలి. ఆ తర్వాతే కూలిరేటు బేరం.