ధర పలికేది ఏ మింట్?

ఇంగ్లీషులో ‘మింట్’ అంటే టంకశాల, పుదీనా కూడా. టంకశాలకు మూలం లాటిన్ మొనేటా, ఆకుకు గ్రీకు మింథా. మొదటి మింట్ ఆదోనికి పరాయిది కాదు. 17వ శతాబ్ది చివర మొగలులు ఊరిని ఇంతియాజ్‌గఢ్‌గా మార్చి, ఆ పేరుతో బంగారు నాణేలు ముద్రించారు.

సరుకుల పట్టికలో కిలో లెక్కన కనిపించే మెంథా నూనె వేరే సంగతి. ఆదోని, ఎమ్మిగనూరు బజార్లలో కట్టలుగా అమ్మే పుదీనాకూ ఆ ధరకూ పొత్తు లేదు. మెంథాల్ దండిగా ఉండేది ఉత్తరప్రదేశ్‌లో బారాబంకీ రైతులు వేసే జపాన్ పుదీనాలో. పచ్చడి పుదీనా ఘాటు కార్వోన్‌ది. నూనె ధర చూసి బోరు కింద కూర పుదీనా నాటితే నూనె వర్తకుడు ముట్టడు. ఆవిరిపట్టి నూనె తీసే బట్టీ దగ్గరలో లేకుంటే జపాన్ రకం వేసినా గిట్టదు.